మస్టాంగ్ బాడీకి పట్టిన తుప్పు: ఇంటి గ్యారేజీలో ఎంతవరకు బాగుచేసుకోవచ్చు?

పాత అమెరికన్ కార్లను సొంతంగా బాగుచేసుకుంటున్న పాఠకులు ఈమధ్య రాసిన ఉత్తరాలలో ఎక్కువ భాగం 1967, 1968 నాటి ఫోర్డ్ మస్టాంగ్‌ల గురించే ఉన్నందున, ఈసారి శీర్షికను పూర్తిగా ఆ కారు బాడీకే కేటాయిస్తున్నాము. ఇంజను, గేర్‌బాక్సులకు సంబంధించిన ప్రశ్నలకు తర్వాత సమాధానమిస్తాము.

ప్రశ్న: నేను మిషిగన్‌లో ఉంటాను. 390 క్యూబిక్ అంగుళాల ఇంజను ఉన్న 1968 మస్టాంగ్ ఫాస్ట్‌బ్యాక్ (పైకప్పు వెనక్కి వాలుగా దిగే రకం) ఒకటి కొన్నాను. కార్పెట్ తీసి చూస్తే ముందు సీట్ల దగ్గర, కాళ్ళు పెట్టుకునే చోట ఫ్లోర్ రేకు రెండు వైపులా చిల్లులు పడి ఉంది. వెనక చక్రాల పైన రంగు బుడగలు కట్టింది. కొత్త రేకులు తెప్పించి వెల్డింగ్ మొదలుపెట్టమని ఒకరు, చిల్లుల మీద ఫైబర్‌గ్లాస్ అతికిస్తే చాలునని మరొకరు చెబుతున్నారు. పని ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: ఫ్లోర్ దగ్గర మాత్రం మొదలుపెట్టకండి. ఆ రేకును తినేసిన నీరు ఎక్కడి నుంచి దిగిందో ముందు తేల్చుకోవాలి. ఈ కాలపు మస్టాంగ్‌లలో అది చాలావరకు కౌల్ నుంచే దిగుతుంది. ముందు అద్దానికి దిగువన, బానెట్‌కు వెనక, సన్నని చీలికలున్న రేకు ఒకటి కనిపిస్తుంది కదా, దాని కింద రెండు రేకులను స్పాట్ వెల్డింగ్‌తో కలిపి చేసిన పొడవాటి పెట్టె ఉంటుంది. హీటరుకూ, కారు లోపలికి వచ్చే బయటి గాలికీ అదే దారి. అందులో పడిన వాన నీరు రెండు చివరల నుంచి ఫెండర్ల వెనకగా నేల మీదికి జారిపోవాలి. గాలి దిగే రెండు రంధ్రాలలోకి నీరు పొర్లకుండా వాటి చుట్టూ ఎత్తుగా అంచులు కట్టారు. ఏళ్ళ తరబడి ఆకులూ మట్టీ పేరుకుని తడి ఆరకపోవడంతో ఆ అంచులు మొదలు దగ్గర తుప్పు తిని ఊడిపోతాయి. అప్పటినుంచి ప్రతి వానకూ నీరు డాష్‌బోర్డు వెనకగా జారి కార్పెట్ కిందికి చేరుతుంది. పై నుంచి చూస్తే కౌల్ రేకు నిగనిగలాడుతూనే ఉండవచ్చు.

దీనికి పరీక్ష సులభం. ఒకరు బయట నిలబడి గొట్టంతో కౌల్ చీలికల్లోకి కొన్ని నిమిషాల పాటు నీరు వదలాలి. మరొకరు లోపల పడుకుని టార్చిలైటుతో హీటరు పెట్టె చుట్టూ, డ్రైవరు వైపు గాలి తలుపు చుట్టూ చూడాలి. ఒక్క చుక్క కారినా కౌల్ పని తప్పదు. రంధ్రాల మీద బిగించే ప్లాస్టిక్ మూతలు దొరుకుతాయి కానీ, అవి నీటిని కొంతకాలం ఆపుతాయే తప్ప తుప్పును ఆపవు. అసలు వైద్యం ఏమిటంటే, ముందు అద్దం, బానెట్, ఫెండర్లు తీసి, పై రేకుకున్న స్పాట్ వెల్డులను ఒక్కొక్కటిగా డ్రిల్ చేసి, దాన్ని ఎత్తి, లోపలి అంచులను కొత్తవాటితో మార్చి, ప్రైమరు, సీలరు పట్టించి తిరిగి వెల్డ్ చేయడమే. ఓపికతో చేయవలసిన పని. అయినా ఇంట్లో చేయలేనిది కాదు. ఇది వదిలేసి కొత్త ఫ్లోర్ వేస్తే, ఆ ఫ్లోర్‌కూ పాతదాని గతే పడుతుంది.

రెండవ పరీక్ష కారు కింద చేయాలి. మస్టాంగ్‌కు లారీకి ఉన్నట్టు విడి ఛాసిస్ లేదు. బాడీయే బరువంతా మోస్తుంది. అందువల్ల ఫ్లోర్ రేకులో చిల్లు కంటే, ఇంజను నుంచి ముందు సీట్ల కింది దాకా సాగే ఫ్రేమ్ రెయిళ్ళు, తలుపుల కింది రాకర్ ప్యానెళ్ళు, ఈ రెండింటినీ కలిపే టార్క్ బాక్సులు, వెనక స్ప్రింగులు బిగించే చోట్లు ఎలా ఉన్నాయన్నదే అసలు ప్రశ్న. చిన్న సుత్తితో వాటి పొడవునా తట్టుకుంటూ వెళ్ళండి. గట్టి రేకు ఖంగుమంటుంది. గుల్లబారినది మొద్దుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. మిషిగన్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు నీరు రేకుల అతుకుల మధ్యకు చేరితే విద్యుత్తును బాగా ప్రసరింపజేసి తుప్పు రసాయన చర్యను వేగవంతం చేస్తుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, రెండు రేకుల మధ్య పుట్టినది వాటిని ఉబ్బించి విడదీస్తుంది, ఆ సందులోకి మరింత నీరు వెళుతుంది. వెనక చక్రాల పైన మీరు చూస్తున్న బుడగలు అలా లోపలి నుంచి వచ్చినవే. అక్కడ బయటి రేకు, చక్రం గూడు రేకు అంచున కలుస్తాయి. బుడగ ఉన్నంత మేర గీకి లప్పం పెట్టడం, పుచ్చిన పన్నును శుభ్రం చేయకుండా సిమెంటు పెట్టించుకోవడం లాంటిది.

ఫైబర్‌గ్లాస్ సలహాను నేను ఒప్పుకోను. అది తుప్పు రేకుకు గట్టిగా అంటుకోదు, కింద తడిని పట్టి ఉంచుతుంది, బాడీకి కావలసిన బలం ఇవ్వదు.

ఇక ఖర్చు పెట్టకముందే ఫ్యాక్టరీ వేసిన కారు గుర్తింపు నంబరు (VIN) చదువుకోండి. 1968 మస్టాంగ్ నంబరులో మొదటి అంకె 8, రెండవది ఫ్యాక్టరీ అక్షరం, ఆ తర్వాతి రెండంకెలు బాడీ రకం. ఫాస్ట్‌బ్యాక్‌కు 02 ఉండాలి. ఐదవ స్థానంలోని అక్షరం ఇంజనుది. కారు 390 జీటీ ఇంజనుతోనే ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చి ఉంటే అక్కడ ‘ఎస్’ ఉంటుంది. 6.4 లీటర్ల ఆ ఇంజనుకు 1968లో కంపెనీ ప్రకటించిన శక్తి 325 హార్స్‌పవర్. ‘సీ’ ఉంటే అది 289 ఇంజను కారు, 390ని తర్వాత ఎవరో పెట్టారని అర్థం. బాగుచేయకూడదని కాదు, ఎంత ఖర్చు న్యాయమో ఆ అక్షరం చెబుతుంది. ఈ నంబరును ఇంజను గదిలో ఫెండరు లోపలి రేకు మీద కూడా ముద్రించారు. ఆ రేకు తుప్పు పట్టిందని కోసి పారేసినా, ముద్ర ఉన్న ముక్కను మరో రేకుకు అతికించినా చట్టపరమైన చిక్కుల్లో పడతారు. అక్కడ పని తప్పనిసరైతే ముందుగా ఫోటోలు తీసుకుని, మీ రాష్ట్ర వాహన రిజిస్ట్రేషన్ కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడిగి, ఆ తర్వాతే కత్తి పెట్టండి.

రెయిళ్ళు, రాకర్లు, టార్క్ బాక్సులు, కౌల్ నాలుగూ పోయి ఉంటే, విడి రేకులు కొనే ముందు మొత్తం లెక్క వేసుకోండి. 1967, 1968 ఫాస్ట్‌బ్యాక్‌లకు ఫోర్డ్ లైసెన్సుతో డైనాకార్న్ సంస్థ తయారుచేసిన పూర్తి కొత్త బాడీలు కూడా దొరుకుతాయి. చాలా పాత కార్లకు లేని సౌకర్యం ఇది. అయితే కొత్త బాడీకి పాత గుర్తింపు నంబరు పలక బిగించడం నేరమవుతుంది కనుక, దాన్ని ఏ పేరుతో రిజిస్టరు చేయాలో కొనకముందే కనుక్కోవాలి. నా అభిప్రాయంలో, ఫ్లోరూ కౌలూ మాత్రమే పోయిన కారును ఇంట్లో నిశ్చింతగా చేపట్టవచ్చు. రెండు వైపులా రెయిళ్ళు పోయిన కారును, కొలతలు సరిచూసే జిగ్ ఉన్న వర్క్‌షాపులో ఆ ఒక్క పని వరకైనా చేయించుకోవాలి.

ప్రశ్న: మాది టెక్సస్. 1967 మస్టాంగ్ హార్డ్‌టాప్‌కు డ్రైవరు వైపు ఫ్లోర్ మారుస్తున్నాను. ఫ్లక్స్ వైరుతో (లోపల పొడి నిండి ఉండి, గ్యాస్ అక్కర్లేని వైరు) పనిచేసే చిన్న వెల్డింగ్ మెషీన్ ఉంది. వెల్డ్ చేసినచోటల్లా రేకు కాలి చిల్లు పడుతోంది, లేదా వంకర తిరుగుతోంది. లోపం మెషీన్‌లో ఉందా, చేతిలో ఉందా?

సమాధానం: రెండింటికంటే ముందు రేకును చూడండి. ఈ కార్ల రేకు మందం దాదాపు 1 మిల్లీమీటరు మాత్రమే. మీరు కొత్త ముక్కను అతికిస్తున్న పాత అంచు వెనకవైపు తుప్పు తిని అందులో సగానికి దిగి ఉంటే, ఎంత నిపుణుడు పట్టుకున్నా అది కాలిపోతుంది. రెండు వైపులా మెరిసే ఇనుము కనిపించే వరకు, గుంటలు లేని రేకు తగిలే వరకు వెనక్కి కోయండి. కోయడానికి మనసొప్పక వదిలిన ఒక్క అంగుళమే తర్వాత నెలల పనిని పాడుచేస్తుంది.

మెషీన్ విషయానికి వస్తే, ఫ్లక్స్ వైరు ఈ పలుచని రేకుకు వేడి ఎక్కువ. గ్యాస్ పెట్టుకునే వీలు మీ మెషీన్‌కు ఉంటే, 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన సిలిండరు, 0.6 మిల్లీమీటర్ల ఇఆర్70ఎస్-6 వైరు తీసుకోండి. ఇంటి 120 వోల్టుల కరెంటుతో నడిచే మెషీనే ఈ పనికి చాలు. వైరు మార్చినప్పుడు పోలారిటీ కూడా మార్చాలి: గ్యాస్‌తో చేసేటప్పుడు గన్ పాజిటివ్‌కు, ఫ్లక్స్‌తో చేసేటప్పుడు సాధారణంగా నెగటివ్‌కు ఉండాలి. ఇది మరచిపోయి మెషీన్‌ను నిందించేవారు చాలామంది.

రేకు వంకర తిరగడానికి కారణం, కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుని చుట్టూ ఉన్న రేకును తనవైపు లాక్కోవడం. అందువల్ల గీత గీసినట్టు పొడవుగా వెల్డ్ చేయకూడదు. ఒక చుక్క పెట్టి, అరచేయి దూరంలో మరొకటి పెట్టి, ఆ తర్వాత ఇంకో చివరకు వెళ్ళి, మొదటి చుక్క చేత్తో తాకగలిగేంత చల్లారాకనే దాని పక్కన ఇంకొకటి పెట్టాలి. అలా చుక్కల మధ్య ఖాళీలు నిండేసరికి ఒక సాయంత్రం గడిచిపోతుంది, గడవనివ్వండి. వెనక ఒక రాగి పట్టీ ఆనించి పట్టుకుంటే వేడిని అది లాగేస్తుంది, కరిగిన ఉక్కు దానికి అంటుకోదు. బయటికి కనిపించే ప్యానెళ్ళను అంచుకు అంచు ఆనించి, మధ్య వైరు మందమంత సందు వదిలి అతకాలి. ఫ్లోర్‌లో మాత్రం ఒక రేకు మీద మరొకటి అంగుళం లోపు ఎక్కించి, పై రేకులో 8 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి వాటిని వెల్డ్‌తో నింపడం సరైన పద్ధతే, అయితే ఆ మడతలో నీరు చేరకుండా పైనా కిందా సీమ్ సీలరు పట్టించాలి. రేకులు కలిసే ముఖాలకు ముందే జింకు కలిసిన వెల్డ్-త్రూ ప్రైమరు పూసుకోండి, వెల్డ్ చేసే రంధ్రంలో మాత్రం గీకేయండి.

మీరు రాయని విషయం ఒకటి అడుగుతున్నాను: తలుపు చట్రానికి ఊతం కట్టారా? ఫ్లోరు, రాకరు కోసిన తర్వాత బాడీ నడుము కొద్దిగా కుంగినా తలుపు మళ్ళీ పట్టదు, కొత్త రేకు ఆ వంకరలోనే బిగుసుకుపోతుంది. ముందు తలుపు స్తంభం నుంచి వెనక స్తంభానికి చదరపు గొట్టాలు అడ్డంగా, ఐమూలగా వెల్డ్ చేసి, బండిని సస్పెన్షన్ బరువు మోసే చోట్ల సమతలంగా ఆనించి, ఐమూల కొలతలు కాగితం మీద రాసుకుని, ఒక వైపు పూర్తయ్యాకనే రెండో వైపు ముట్టుకోవాలి.

ఇంకొకటి ప్రాణానికి సంబంధించినది. ఈ తరం మస్టాంగ్‌లలో డిక్కీ అడుగున కనిపించే రేకు వేరే ఫ్లోర్ కాదు, అది పెట్రోలు ట్యాంకు పై భాగమే. వెనక భాగంలో గ్రైండరు గానీ వెల్డింగ్ గానీ పెట్టే ముందు ట్యాంకును దింపి గ్యారేజీ బయట దూరంగా ఉంచండి. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం. పాత తారు పూత, సీట్ల కింది నార, వైర్ల తొడుగు నిప్పురవ్వతో నెమ్మదిగా రాజుకుంటాయి కనుక, పని ఆపాక గంటసేపైనా అక్కడే ఉండి చూసుకోండి.

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి రాస్తున్నాను. నా 1968 హార్డ్‌టాప్ నంబరులో రెండో అక్షరం ‘టీ’. తుప్పు వదిలించడానికి శాండ్‌బ్లాస్టింగ్ మంచిదా, తుప్పును మార్చే రసాయనాలు మంచివా? వెనిగర్, ఎలక్ట్రాలిసిస్ (నీటిలో కరెంటు పంపి తుప్పు వదిలించడం) పనిచేస్తాయా?

సమాధానం: మీ కారు మీ ఊళ్ళోనే పుట్టింది. ‘టీ’ అంటే మెటుచెన్ ఫ్యాక్టరీ. పేరు పొరుగూరిదైనా అది ఉన్నది ఎడిసన్ టౌన్‌షిప్‌లోనే. 2004లో మూతపడింది. ‘ఎఫ్’ అక్షరం డియర్‌బోర్న్‌కు, ‘ఆర్’ శాన్ హోసేకు చెందుతాయి. కాలిఫోర్నియాలోనే తిరిగిన కార్లకు తుప్పు తక్కువ, మీ వైపు తిరిగినవాటికి ఉప్పు వల్ల ఎక్కువ అని స్థూలంగా చెప్పవచ్చు గానీ, యాభై ఏళ్ళలో ఏ కారు ఎక్కడెక్కడ తిరిగిందో అక్షరం చెప్పదు.

పద్ధతిని తుప్పు లోతే నిర్ణయిస్తుంది. పైపైన ఎర్రగా ఉన్నదానికి వైరు బ్రష్షు, ఎమెరీ డిస్కు చాలు. గుంటలు పడినచోట ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం ఉపయోగపడుతుంది. అది గుంటల్లో మిగిలిన తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. అయితే పొరలు పొరలుగా లేచిన తుప్పు లోతుకు అది చేరదు. ముందు పొరలన్నీ రాల్చాలి. ఆమ్లం శేషం మిగిలిన రేకు మీద ఎపాక్సీ ప్రైమరు సరిగా పట్టదు కనుక, డబ్బా మీద చెప్పినట్టు కడిగి ఆరబెట్టడం తప్పనిసరి. చిల్లు పడినదానికి ఏ రసాయనమూ పనికిరాదు, కోసి కొత్త రేకు వేయవలసిందే.

శాండ్‌బ్లాస్టింగ్ ఫ్రేమ్ రెయిళ్ళకు, తలుపు స్తంభాలకు, మూలలకు ఎంతో మంచిది. బానెట్, పైకప్పు, తలుపు పై రేకుల వంటి విశాలమైన పలకలకు ప్రమాదకరం. గింజల దెబ్బలు రేకు పై ముఖాన్ని సాగదీసి అలలు తేలుస్తాయి, ఆ అలలను తీయడం తుప్పు తీయడం కంటే కష్టం. పేరులో ఇసుక ఉన్నా నిజమైన ఇసుక వాడకండి. దాని సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే నయంకాని వ్యాధికి దారితీస్తుంది. గార్నెట్, పిండి చేసిన గాజు వంటివి దొరుకుతాయి. పని అయ్యాక రాకర్లలోనూ రెయిళ్ళలోనూ చేరిన గింజలను గాలితో ఊది, వాక్యూమ్‌తో లాగకపోతే అవి తడిని పట్టి మళ్ళీ తుప్పును పుట్టిస్తాయి. కారు మొత్తాన్ని ఆమ్లం తొట్టిలో ముంచే సేవలూ ఉన్నాయి. మడతల్లో చిక్కుకున్న ఆమ్లం తర్వాత రంగు కిందినుంచి కారుతుందన్న కారణంతో నేను వాటిని సిఫారసు చేయను.

వెనిగర్, ఎలక్ట్రాలిసిస్ రెండూ పనిచేస్తాయి, విప్పదీసిన చిన్న భాగాల వరకు. వెనిగర్‌లో నానబెట్టిన భాగాన్ని వంట సోడా నీటితో కడిగి, వెంటనే ఆరబెట్టి ప్రైమరు వేయాలి. లేకపోతే చూస్తుండగానే కొత్త తుప్పు పడుతుంది. బానెట్ స్ప్రింగుల వంటి గట్టి ఉక్కును మాత్రం ఆమ్లంలో గానీ ఎలక్ట్రాలిసిస్‌లో గానీ వేయకండి. హైడ్రోజన్ పీల్చుకుని అవి పెళుసెక్కి విరుగుతాయి. ఎలక్ట్రాలిసిస్‌కు వాషింగ్ సోడా కలిపిన నీటిలో భాగాన్ని నెగటివ్‌కు, పనికిరాని ఇనుప ముక్కను పాజిటివ్‌కు కలపాలి. ఆ ముక్క స్టెయిన్‌లెస్ స్టీలు కాకూడదు, విషపూరితమైన క్రోమియం సమ్మేళనాలు నీటిలోకి దిగుతాయి. ఉప్పు వేస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తొట్టి నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది కనుక ఆరుబయట పెట్టుకోండి.

ప్రశ్న: మా గ్యారేజీ ఇంటికి ఆనుకునే ఉంది. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు. మా వారు అందులోనే పాత మస్టాంగ్ రంగు గీకి, ప్రైమరు, రంగు తానే కొడతానంటున్నారు. ఇందులో ప్రమాదం ఎంత? (ఇల్లినాయ్)

సమాధానం: మీ ఆందోళన సరైనదే, అమ్మా. వారి పనిని పూర్తిగా ఆపమని చెప్పను కానీ, కొన్ని హద్దులు పెట్టుకోవాలి.

ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది; పైగా పైకప్పు, వెనక ప్యానెలు కలిసే అతుకును ఫ్యాక్టరీలోనే సీసం కలిసిన లోహంతో నింపారు. గ్రైండరు పెడితే ఆ సీసం ధూళి అయి బట్టలకు, చెప్పులకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది. నేల మీద పాకే పిల్లలకు అది ఎదుగుదలను దెబ్బతీసే విషం. కనుక పొడి గీకుడు మానేసి తడిపి గీకడం, లేదా రసాయనంతో రంగు ఊడదీయడం మంచిది. అతి సన్నని ధూళిని కూడా పట్టే హెపా వాక్యూమ్ వాడాలి, పీ100 ఫిల్టరున్న మాస్కు పెట్టుకోవాలి, పని బట్టలు గ్యారేజీలోనే విడిచి వేరుగా ఉతకాలి, ఇంటి తలుపు సందులు మూయాలి. పిల్లల రక్తంలో సీసం పరీక్ష చేయించమని డాక్టరును అడగడంలో తప్పు లేదు.

రేకును శుభ్రం చేయడానికి బ్రేక్ క్లీనరు వాడుతుంటే, డబ్బా మీద క్లోరిన్ సమ్మేళనాలు లేవని చూడమనండి. అవి ఉన్న రేకు మీద వెల్డ్ చేస్తే ఫాస్జీన్ అనే ప్రాణాంతక వాయువు పుట్టవచ్చు. జింకు పూత ఉన్న రేకును వెల్డ్ చేసే చోట గీకకుండా చేస్తే వచ్చే తెల్లని పొగ జ్వరాన్ని తెస్తుంది.

శుభ్రమైన రేకుకు మొదట రెండు భాగాలు కలిపే ఎపాక్సీ ప్రైమరు వేయాలి. ఒంటి డబ్బా ప్రైమర్లు చాలావరకు తేమను లోపలికి రానిస్తాయి. లప్పం ఎపాక్సీ మీదనే, 3 మిల్లీమీటర్లకు మించకుండా పెట్టాలి, సీమ్ సీలరు కూడా దాని మీదనే. ఎపాక్సీని గాలి బాగా ఆడేచోట, తగిన మాస్కుతో, పిల్లలు ఇంట్లో లేని రోజు కొట్టుకోవచ్చు. చివరి రంగు, క్లియర్ కోటు మాత్రం ఇంట్లో వద్దు. వాటి గట్టిదనానికి కారణమైన ఐసోసయనేట్లు ఆస్తమాను కలిగిస్తాయి, ఒకసారి శరీరానికి పడకపోతే తర్వాత కొద్దిపాటి ఆవిరికే ఊపిరి ఆడదు. వాటికి బయటి నుంచి గాలి అందించే మాస్కు కావాలి. ప్రైమరు వేసి నునుపు చేసిన బాడీని రంగు బూత్ ఉన్న షాపుకు పంపండి. ఇంటికి ఆనుకుని ఉన్న గ్యారేజీకి ఇదే నా ఖచ్చితమైన సలహా.

ప్రశ్న: ఒహాయో నుంచి. రంగు పని పూర్తయింది. తుప్పు మళ్ళీ రాకుండా లోపలి భాగాలకు ఏమి చేయాలి? చలికాలంలో నడపవచ్చా?

సమాధానం: రాకర్లు, ఫ్రేమ్ రెయిళ్ళు, తలుపుల అడుగు, వెనక ప్యానెళ్ళ లోపలి భాగాలకు పొడవాటి సన్నని గొట్టం చివర నాజిల్ ఉన్న స్ప్రేతో క్యావిటీ వాక్స్ (బోలు భాగాల లోపల పూసే మైనం) కొట్టించండి. వెల్డింగ్ పూర్తిగా ముగిసిన తర్వాతే ఇది చేయాలి, ఎందుకంటే వాక్స్ మండుతుంది. కొట్టిన మరునాడు తలుపుల, రాకర్ల అడుగున ఉన్న నీటి రంధ్రాలలో తీగ పెట్టి అవి మూసుకుపోలేదని చూసుకోండి. నీరు బయటికి పోయే దారి మూసుకుంటే వాక్స్ ఉన్నా ఉపయోగం లేదు. కారును పూర్తిగా కప్పేసే రబ్బరు అండర్‌కోటింగ్ వద్దు, ఎక్కడైనా అది లేస్తే కింద తడి నిలిచి బయటికి కనిపించకుండా తింటుంది.

రోడ్ల మీద ఉప్పు ఉన్న నెలల్లో నడపకండి. వసంతంలో కూడా రెండు మూడు గట్టి వానలు కురిసి రోడ్లు కడిగే వరకు ఆగండి. ఆకులు రాలే కాలంలో బయట నిలిపితే కౌల్ చీలికల మీద గుడ్డ కప్పి, నెలకోసారి అందులో చేరిన ఆకులను వాక్యూమ్‌తో లాగేయండి.